ఎవరి గుడ్డ వాళ్ళే విప్పాలి

తాండూరు ఎందుకు వెళ్ళావని నన్ను ఎవరూ అడగలేదు. మూడు రోజులు సెలవు పెట్టి వెళ్ళొచ్చి నా కుర్చీలో కూర్చుంటే, పక్క సీటాయన తలెత్తి "ఏసీ తగ్గించమంటారా?" అని మాత్రం అడిగాడు. అడగని ప్రశ్నలకు జవాబు చెప్పే అలవాటు నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు నా పని గురించి కొంచెం చెప్పాలి. కంప్యూటర్లో అన్నిటికన్నా అడుగున ఉండే ప్రోగ్రామును కెర్నెల్ అంటారు. తెర మీద దాని మొహం ఎవరికీ కనబడదు. ఏ ప్రోగ్రాముకు ఎంత చోటివ్వాలో, ఎప్పుడు వెనక్కి తీసుకోవాలో చూసేది అదే. అందులో కెమెరాల్లాంటి పరికరాలతో మాట్లాడే భాగాలు నేను రాస్తాను. ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను. మా తెనాలి చుట్టాలు ఇప్పటికీ నేను కంప్యూటర్లు బాగుచేస్తానని చెప్పుకుంటారు, అది సగం నిజమే.

కందిపప్పులో నల్లగింజలు ఏరే యంత్రం ఒకటుంది. పప్పు జారుతూ ఉంటే కెమెరా చూస్తుంది, నల్లగింజ కనబడగానే సన్నటి గొట్టంలోంచి గాలి కొట్టి దాన్ని పక్కకు తోసేస్తుంది. ఆ కెమెరాకూ కంప్యూటరుకూ మధ్య నడిచే కోడ్ నాది. తాండూరులో ఒక పప్పు మిల్లులో ఆ యంత్రం మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి బిగుసుకుపోతోందని మాకు ఫిర్యాదు వచ్చింది. నేను హైదరాబాదులో కూర్చుని, యంత్రం రాసుకున్న చిట్టా పైపైన చూసి, కేబుల్ ఊడినట్టు ఒక వరస కనబడగానే ఒకే ఒక్క వాక్యం రాసి పంపాను: "ఆపరేటర్ కేబుల్ లాగేస్తున్నారు, శిక్షణ ఇవ్వాలి."

మూడు వారాల తర్వాత సపోర్టులో పనిచేసే అమ్మాయి క్యాంటీన్లో మాటల మధ్య చెప్పింది. "ఆ తాండూరు ఆపరేటర్ని తీసేస్తున్నారట మేడం. పెద్దావిడ, అరవై దాకా ఉంటాయి. సోమవారం నుంచి కొత్తవాళ్ళట. మెషిన్ చెడగొడుతోందని మనమే రాసిచ్చాం కదా."

మనం కాదు, నేను. ఆ సాయంత్రం చిట్టా మళ్ళీ మొదటి నుంచి చదివాను. కింద, నేను చూడకుండా వదిలేసిన చోట, 6b 6b 6b 6b అని వరసగా ఉంది.

కెర్నెల్లో చాలా వస్తువులకు ఒక లెక్క ఉంటుంది. ఒక వస్తువును వాడుకోవడానికి ఎవరు పట్టుకున్నా ఆ లెక్క ఒకటి పెరగాలి, వదిలితే ఒకటి తగ్గాలి. చివరివాడు కూడా వదిలి లెక్క సున్నా అయ్యాకే ఆ వస్తువును పారేసి చోటు ఖాళీ చేయాలి. ముందే పారేస్తే, ఇంకా పట్టుకున్నవాడు లేనిదాన్ని తడుముతాడు. ఈలోగా ఆ చోటు వేరేవాళ్ళకు ఇచ్చేసి ఉంటే ఇంకా ఘోరం, వాళ్ళ సామాను చెడగొడతాడు. పరీక్షల కోసం పంపే కెర్నెల్లో పారేసిన చోటు నిండా 6b అని ముద్ర కొడతాం, ఎవరైనా తడిమితే తెలియడానికి. ఆ మిల్లులో ఉన్నది అలాంటి కెర్నెలే. ఏ ఆపరేటరూ కేబుల్ లాగి ఆ తప్పు చేయలేడు. అది కోడ్ రాసినవాళ్ళు చేసే తప్పు.

దీనికి ఎదురు జబ్బు ఇంకొకటి ఉంది. పట్టుకున్నవాడు వదలడం మరిచిపోతాడు. లెక్క ఎప్పటికీ సున్నా కాదు, ఎవరికీ అక్కర్లేని వస్తువు చోటు ఆక్రమించుకుని పడి ఉంటుంది. నాతో పద్నాలుగేళ్ళు ఒకే ఫ్లాటులో ఉన్న సునంద పెళ్ళి చేసుకుని పుణె వెళ్ళి రెండేళ్ళయింది. రెండో తాళంచెవి ఇంకా ఆమె దగ్గరే ఉంది. నేను తాళం మార్చలేదు, ఆ గదిలో మంచం కూడా కదపలేదు. ఆమె ఫోను చేసి ఏడు నెలలవుతోంది.

సమస్య ఏమిటంటే, మా ల్యాబులో ఆ తప్పు ఎంత ప్రయత్నించినా జరగలేదు. అక్కడ ఏం జరుగుతోందో కళ్ళతో చూడాలి. ఆఫీసులో చెబితే పదిమందిని అడిగి పదిహేను రోజులు చేస్తారు. గురు, శుక్ర, శనివారాలు సెలవు పెట్టాను.

లింగంపల్లి నుంచి

నేరుగా తాండూరు వెళ్ళే ధైర్యం లేక మొదటిరోజు వికారాబాదులో దిగాలనుకున్నాను. రైల్లో పక్కన కూర్చున్నావిడది బషీరాబాద్. ఒళ్ళో సీతాఫలాల సంచి, కాళ్ళ దగ్గర ఇంకో సంచి. బండి కదిలిందో లేదో అడిగింది.

"ఎవరింటికి పోతున్నవ్?"

"ఎవరింటికీ కాదండీ."

"మరి పెండ్లా?"

"కాదు. ఊరికే, ఊరు చూద్దామని."

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఎవరింటికి గాకుంటె ఊరికెట్ల పోతరు?" అంది, కోపంగా కాదు, నిజంగానే అర్థంకాక. తర్వాత నా మీద జాలిపడి ఒక సీతాఫలం విప్పి చేతిలో పెట్టింది. మా వైపు సీతాఫలం పండిందో లేదో బియ్యంలో పెట్టి చూసి చూసి తింటాం. ఇక్కడ రైల్లోనే, గింజలు కిటికీలోంచి ఉమ్ముతూ తింటారు. నేను గింజలు రుమాల్లో మూటగట్టుకుంటే ఆవిడ నవ్వాపుకోలేకపోయింది.

వికారాబాద్

లాడ్జిలో రిజిస్టరు నా వైపు తిప్పి ఇచ్చారు. వెంట ఉన్నవారు అనే గడిలో సున్నా రాశాను. అవసరమైతే ఎవరికి తెలపాలి అనే గడి దగ్గర పెన్ను ఆగింది. సునంద నంబరు రాయబోయి, ఏడు నెలల తర్వాత ఆమెకు నా నుంచి మొదటి కబురు అదా అనిపించి, ఆఫీసు రిసెప్షన్ నంబరు రాశాను. కౌంటరు దగ్గరాయన అది చదివి, "ఇంకెవరన్న వస్తరా మేడం?" అన్నాడు.

"ఎవరూ రారు."

"ఫికర్ జెయ్యకుండ్రి, ఫ్యామిలీలు ఉండే లాడ్జే ఇది," అన్నాడు. మంచి మాటే, కానీ మెట్లెక్కుతూ మూడుసార్లు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం అనంతగిరి కొండ ఎక్కాను. వానలు వెనకబట్టి చెట్లు పచ్చగా ఉన్నాయి, మలుపు మలుపుకూ బైకుల మీద జంటలు. ఒంటరిగా నడిచే ఆడమనిషి కనబడితే లోకానికి ఒకటే తోస్తుంది. నాలుగు జంటలు నా చేతికి ఫోనిచ్చి ఫొటో తీయమన్నాయి. నాలుగో జంటలో అబ్బాయి, "ఆంటీ, జర కిందికెల్లి తీయరా, కొండ మొత్తం రావాలె," అన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని తీశాను. లేస్తుంటే కుడికాలి చెప్పు తెగింది. సగం దారి ఒక చెప్పుతో దిగి, మిగతా సగం రెండూ చేత్తో పట్టుకుని దిగాను. నా ఫొటో ఎవరూ తీయలేదు. తీస్తామని ఎవరైనా అంటే వద్దనేదాన్నే, కానీ అనలేదు.

రాత్రి భోజనం బస్టాండు పక్కన చిన్న హోటల్లో. రెండు జొన్నరొట్టెలు, పప్పు, కోసిన ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తొక్కు, అంతా కలిపి డెబ్భై రూపాయలు. మేం పచ్చడి అనేదాన్ని ఇక్కడ తొక్కు అంటారు, కారం మాత్రం రెండు వైపులా ఒక్కటే. రొట్టె కొట్టేవిడ నేను ఒక్కదాన్నే తినడం చూసి మూడో రొట్టె అడక్కుండానే వేసింది. దానికి డబ్బులు తీసుకోలేదు.

తాండూరు, శుక్రవారం

తాండూరులో రైలు దిగగానే బండలు. ఇంటి ముందు బండలు, గోడకు బండలు, పొలం చుట్టూ కంచెకు కూడా నిలబెట్టిన బండలే. మా వైపు ముళ్ళకంప నాటే చోట ఇక్కడ రాయి నాటారు. షేర్ ఆటోలో ముందు సీటాయన ఫోన్లో కన్నడంలో పోట్లాడుతున్నాడు, డ్రైవరు తెలుగులో అతనికి సలహాలిస్తున్నాడు, వెనక ఇద్దరు ఉర్దూలో ఆ సలహాలు బాగాలేవంటున్నారు. నాకు తప్ప అందరికీ మాట్లాడటానికి ఎవరో ఒకరున్నారు.

మిల్లు ఊరి చివర. లోపల కందుల వాసన, నూనె వాసన, గాలి నిండా పసుప్పచ్చ దుమ్ము. యంత్రం పక్కన స్టూలు మీద సన్నగా, నిటారుగా కూర్చున్నావిడ నన్ను చూసి లేవలేదు.

"ఖుర్షీద్ బీ మీరేనా?"

"నేనే. మీరేనా హైదరాబాద్ నుంచి రాసిన మేడం?"

"నేనే రాశాను."

"చూడకుండ ఎట్ల రాసిండ్రు?"

రైలు ఎక్కినప్పటి నుంచీ ఎన్నో జవాబులు తయారుచేసుకున్నాను. ఒక్కటీ పనికిరాలేదు. "తప్పు చేశాను. చూద్దామనే వచ్చాను," అన్నాను. ఆవిడ ఒక ఖాళీ గోనెసంచి దులిపి పరిచింది. "కూసోండ్రి. దుమ్ముంటది," అంది. క్షమించినట్టు కాదు, కూర్చోమన్నట్టు.

మధ్యాహ్నం దాకా చూశాను. ఆవిడ చేసేదాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. పప్పు రంగు చూసి నా ప్రోగ్రాముకన్నా ముందే ఆవిడ చెయ్యి మీట మీదికి పోతోంది. దుమ్ముకు నా చేతులు జిడ్డెక్కాయి. మెయిన్ స్విచ్ బోర్డు పక్కన గోడకు పది పన్నెండు మేకులున్నాయి. ఒకదానికి ఎర్ర తువ్వాలు, ఇంకోదానికి గళ్ళ లుంగీ ముక్క వేలాడుతున్నాయి. చేతులు తుడుచుకోవడానికని తువ్వాలు అందుకోబోయాను.

"ముట్టకు," అంది ఖుర్షీద్ బీ. గట్టిగా అరవలేదు, కానీ మిల్లంతా నా వైపు తిరిగింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాసేపటికి పప్పు పైకి తీసుకుపోయే ఎలివేటర్ గుంతలోంచి ఇద్దరు ఎక్కి వచ్చారు. ఒకడు తువ్వాలు విప్పి మెడలో వేసుకున్నాడు, రెండోవాడు లుంగీ ముక్క విప్పుకున్నాడు. మేకులన్నీ ఖాళీ అయ్యాయో లేదో చూసి, రెండోవాడే మోటారు వేశాడు.

మేకులు

మగవాళ్ళు జుమ్మా నమాజుకూ అన్నాలకూ వెళ్ళే వేళ, ఖుర్షీద్ బీ లేచి మోటారు ఆపి, తన ఆకుపచ్చ ఓణీ ముక్క మేకుకు కట్టింది. యంత్రం కిందికి దూరి, కెమెరా కేబుల్ పీకి, అద్దం మెత్తటి గుడ్డతో తుడిచి, కేబుల్ మళ్ళీ పెట్టి బయటికొచ్చింది. ఓణీ ముక్క విప్పుకుని మోటారు వేసింది. ఏమీ కాలేదు. పప్పు మామూలుగా జారింది. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. పదకొండో నిమిషంలో తెర బిగుసుకుపోయింది.

"గిదే. దినాం గిదే కథ. నేను తుడిసినంక గింత సేపు మంచిగనే నడుస్తది గదా మేడం. మరి నాదెట్ల తప్పయితది?"

"కేబుల్ ఎందుకు పీకారు?"

"పీకకుంటె నా చెయ్యిని కొడ్తది. నా ఏలు నల్లగ కనవడ్తది దానికి, నల్లగింజ అనుకుంటది. ఒకపారి కంట్ల కొట్టింది గాలి. రెండు దినాలు కన్ను తెరవలేకపోయిన."

"మోటారు ఆపారు కదా?"

"మోటర్ ఆగుతది. గా కంప్యూటర్ డబ్బకు బ్యాటరీ ఉండె, గాలి ట్యాంకుల గాలి ఉండె. అది ఆగదు. తెర మీద ఆపాలంటరు. ఇంగ్లీషుల నాలుగు పేజీలు దాటిపోవాలె. గన్ని ఎవరికి యాదుంటయ్? తీగ పీకితే దానికి కండ్లు పోతయ్, నేను నిమ్మలంగ తుడుసుకుంట."

అంతా అర్థమైంది. మా ల్యాబులో మేం ఎప్పుడూ ముందు ప్రోగ్రాము ఆపి, తర్వాత మర్యాదగా కేబుల్ తీసేవాళ్ళం. ఇక్కడ ప్రోగ్రాము గింజల కోసం చూస్తూ ఉండగానే కేబుల్ ఊడుతోంది. ఊడగానే నా కోడ్, కెమెరా పోయింది కదా అని కెమెరా తాలూకు వస్తువును పారేస్తోంది. ఇంకా దాన్ని ఎవరైనా పట్టుకున్నారా అని చూడటం లేదు. ప్రోగ్రాము పారేసిన చోటునే తడుముతూ కొంతసేపు నెట్టుకొస్తుంది, ఆ చోటు ఇంకెవరి చేతిలోనో పడ్డాక అంతా కూలుతుంది. పదకొండు నిమిషాల ఆలస్యం అందుకే. ఆవిడకు తన మీద అనుమానం రాకపోవడానికీ, నాకు ఆవిడ మీద రావడానికీ అదే కారణం.

ఇది చెబుదామని మొదలుపెట్టి, మేకుల వైపు చూశాను. "ఆ గుడ్డలు దేనికి?" అన్నాను.

"లోపటికి దిగేటోడు తన గుడ్డ కట్టి దిగాలె. ఎక్కినంక తనే ఇప్పాలె. గుడ్డ ఉన్నంతసేపు మోటర్ వెయ్యొద్దు. ఆఖరుగ ఇప్పినోడే మోటర్ వేస్తడు."

"ఎవరైనా విప్పడం మరిచిపోతే? వేరేవాళ్ళు విప్పకూడదా?"

ఆవిడ మేకుల వైపు తిరిగింది. "మా ఆయన గుడ్డ ఒకడు ఇప్పిండు. 'ఇస్మాయిల్ చాయ్‌కు పోయిండు, బయటనే చూసిన' అన్నడు. మోటర్ వేసిండు. మా ఆయన గుంతలనే ఉండె." తన కుడి మోచేతి పైన వేలితో గీత గీసి చూపించింది. "గిక్కడికి పోయింది. గప్పటి సంది ఎవరి గుడ్డ వాళ్ళే ఇప్పాలె. నేను పెట్టిన గీ కాయిదా. సేటు గూడ ముట్టడు."

"నేను రాసిన కోడ్ అదే చేసింది," అన్నాను. "లోపల ఒకళ్ళుండగానే వాళ్ళ గుడ్డ విప్పేసింది. మీరు కేబుల్ పీకడం తప్పు కాదు."

ఆవిడ నన్ను అప్పుడు మొదటిసారి సరిగ్గా చూసింది.

ఆ మధ్యాహ్నమంతా గోనెసంచి మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. చేయవలసింది పెద్దదేం కాదు, ముప్పై వరసలు. కెమెరాను తెరిచే ప్రతి ప్రోగ్రాము కోసం ఒక లెక్క పెంచాలి, మూసినప్పుడు తగ్గించాలి. కేబుల్ ఊడినప్పుడు నా కోడ్ తన లెక్క ఒక్కటే వదులుకోవాలి, అడిగినవాళ్ళకు కెమెరా లేదని చెప్పి ఊరుకోవాలి. చోటు మాత్రం చివరివాడు వదిలాకే పోవాలి. ఖుర్షీద్ బీ అల్లం చాయ్ తెచ్చి, ఏం రాస్తున్నావంది. గుడ్డల లెక్కలోనే చెప్పాను. శ్రద్ధగా విని అడిగింది.

"మేకులన్ని ఖాలీ చూసి ఒకడు మోటర్ మీద చెయ్యేసిండు. గప్పుడే ఇంకొకడు ఉర్కొచ్చి గుడ్డ కట్టి దిగబోతడు. మరి గప్పుడో?"

నేను చాయ్ కింద పెట్టేశాను. నా ముప్పై వరసల్లో దానికి జవాబు లేదు. లెక్క సున్నా అయ్యాక ఎవరినీ కొత్తగా పట్టుకోనివ్వకూడదు, అది పాఠంలో మొదటి పేజీ, నేను మరిచాను. "మీరేం చేస్తారు?" అన్నాను.

"బోర్డు మీద చెయ్యి వడ్డదంటే అయిపాయె. ఇగ దిగొద్దు. మల్ల ఆగేదాంక ఆగాలె."

ఇంకో ఐదు వరసలు రాశాను. మా పనిలో ఒక ఆచారముంది, దిద్దుబాటు కింద తప్పును పట్టి చెప్పినవాళ్ళ పేరు వేస్తాం. ఆవిడ పూర్తి పేరు అడిగాను. "నా పేరు దేనికి, మల్ల నా మీద ఏం రాస్తవ్?" అంది. ఈసారి మంచిదే రాస్తానని ఒప్పించి, తప్పు చూపించినవారు ఖుర్షీద్ బీ, తాండూరు, అని వేశాను. ఇరవై ఏళ్ళలో నేను రాసినవాటిలో నాకు నచ్చిన వరస అదే.

శనివారం

పొద్దున కొత్త కోడ్ ఎక్కించి, మోటారు ఆపి, గుడ్డ కట్టి, ఆవిడ చేతే కేబుల్ ఇరవైసార్లు పీకించాను. మోటారు వేశాక పప్పు జారుతూనే ఉంది. పదకొండు నిమిషాలు దాటాయి, గంట దాటింది, రెండు గంటలు దాటాయి.

మిల్లు యజమాని బసప్ప సేటు గల్లాపెట్టె దగ్గరి నుంచి అంతా చూస్తున్నాడు. "మెషిన్ నడవాలె మేడం, గంతే. ఎవరి తప్పైతే నాకేంది?" అన్నాడు.

"మీరు ఆవిడను తీసేస్తున్నారు కదా."

"మీరే రాసిచ్చిండ్రు."

"అది తప్పు. తప్పు నాది."

"అయితే గదే రాసియ్యుండ్రి మల్ల. సోమవారం వచ్చేటోన్ని రావొద్దంట." ఒక తెల్లకాగితం ఇచ్చాడు. తెలుగులో రాసి, సంతకం పెట్టి, కింద నా ఫోను నంబరు వేసి ఇచ్చాను. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇక్కడితో నా ప్రయాణం ముగియాల్సింది. వేలాడుతున్న కేబులును ఒక పట్టీతో బిగిస్తే ఇంకా బాగుంటుందని నాకు చివరి నిమిషంలో తోచింది. అన్నాల వేళ, మోటారు ఆగి ఉంది. పొద్దున ఖుర్షీద్ బీ నాకొక మేకు చూపించింది, "గిది ఖాలీదే, నువ్వు దిగితే గిక్కడ కట్టు," అని. దుమ్ముకని తలకు కట్టుకున్న బూడిదరంగు స్కార్ఫ్ విప్పి ఆ మేకుకు కట్టి కిందికి దూరాను. పట్టీ బిగించాను. బయటికి వస్తుంటే, రమ్మని చెప్పిన ఆటో అతను హారన్ కొట్టాడు, రైలుకు టైమైంది. ఖుర్షీద్ బీ మూల గదిలో నమాజులో ఉంది. మిగతావాళ్ళు వెనక షెడ్డులో తింటున్నారు. ఎవరినీ కదిలించకుండా సంచి తీసుకుని వచ్చేశాను. చెప్పకుండా వెళ్ళిపోవడం నాకు బాగా అలవాటు.

మళ్ళీ వికారాబాద్

రైలు వికారాబాదులో ఆగినప్పుడు చాయ్ కొనడానికి చిల్లర వెతుకుతుంటే ఫోను చేతికి తగిలింది. పొద్దున పరీక్షప్పుడు దాని నోరు నొక్కేసి మళ్ళీ తెరవలేదు. పదిహేడు కాల్స్, అన్నీ ఒకే నంబరు నుంచి. నాకు నెల మొత్తమ్మీద అన్ని రావు.

ఆ నంబరుకు చేస్తే మొదటి రింగుకే ఖుర్షీద్ బీ ఎత్తింది.

"యాడున్నవ్?"

"వికారాబాదులో, రైల్లో."

అటువైపు ఆవిడ ఫోను పక్కకు తీసి ఎవరితోనో చెప్పడం వినిపించింది. "ఉన్నది, రైల్ల ఉన్నదంట." వెనకాల నలుగురైదుగురి గొంతులు. తర్వాత మళ్ళీ నాతో మాట్లాడింది, అప్పటిదాకా లేని చనువుతో.

"నీ గుడ్డ మేకుకే ఉంది బిడ్డా. అందరొచ్చి చూసిండ్రు. పిలిస్తే పలకకపోతివి. గుంతల దిగి బ్యాటరీ లైట్లేసి చూసిండ్రు. మెషిన్ కింద చూసిండ్రు, బస్తాలు జరిపి చూసిండ్రు. ఫోనెత్తకపోతివి. మస్తు పరేషాన్ జేసినవ్."

"నేను బాగానే ఉన్నాను. మరిచిపోయాను. మీరు విప్పేసి మోటారు వేయండి," అన్నాను.

"ఫోన్ల చెప్తే ఇప్పేది లేదు బిడ్డా. గా దినం గూడ ఒకడు బయటనే చూసిన అన్నడు."

"సేటు ఏమంటున్నారు?"

"ఇప్పమంటుండు. ఇప్పకుంటె ఇంటికి పొమ్మంటుండు." కాస్త ఆగి, మామూలు గొంతుతో అంది, "నేనిప్ప."

రైలు కూత వేసింది. ఒకసారి నేను ఒకళ్ళ గుడ్డ ముందే విప్పేసి ఆవిడ పని పోయేదాకా తెచ్చాను. ఇప్పుడు నా గుడ్డ విప్పకుండా మళ్ళీ అదే చేస్తున్నాను. ఇరవై ఏళ్ళు జీతం తీసుకున్నది ఈ రెండు తప్పులూ చేయకూడదనే. "వస్తున్నాను," అని సంచి లాక్కుని కదిలే బండిలోంచి దిగేశాను. చాయ్ ఆయన తిట్టాడు, తిట్టదగ్గ పనే.

తాండూరు వైపు రైలు ఎప్పుడో అన్నారు. బస్సెక్కాను. సీటు లేదు, కండక్టరు సీటు పక్కన నిలబడ్డాను. కొంగులో పల్లీలు పోసుకుని తింటున్న ఒకావిడ నాక్కొన్ని పెట్టి, ఈ దారిలో అందరూ అడిగేదే అడిగింది.

"తాండూర్ల ఎవరన్న ఉన్నరా?"

"ఉన్నారు," అన్నాను. "నాకోసం ఆగారు."

మళ్ళీ తాండూరు

నేను వెళ్ళేసరికి ఎండ వాలింది. మిల్లు ముందు పది మంది నిలబడి ఉన్నారు. అంత నిశ్శబ్దంగా ఆ మిల్లును నేను చూడలేదు. సేటు గల్లా దగ్గర అటు తిరిగి కూర్చున్నాడు. నేను దగ్గరికి వెళ్ళి ఆలస్యం నా వల్లేనని చెప్పాను. ఆయన జేబులోంచి పొద్దున నేను రాసిచ్చిన కాగితం తీశాడు. చింపేస్తాడేమోనని భయపడ్డాను. "గీ ఆలస్యం గూడ దీని కింద రాయుండ్రి," అన్నాడు. రాశాను. చదివి, మళ్ళీ మడిచి, ఖుర్షీద్ బీ వైపు చూడకుండానే, "సోమవారం జల్ది రా, మాల్ మస్తుంది," అన్నాడు.

ఖుర్షీద్ బీ స్విచ్ బోర్డు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని ఉంది. మూడు గంటలుగా అక్కణ్ణించి లేవలేదని ఎవరో చెప్పారు. అన్ని మేకులూ ఖాళీ. ఒక్కదానికి మాత్రం నా బూడిదరంగు స్కార్ఫ్. ఆవిడ నా భుజం, చెయ్యి, మోచెయ్యి వరసగా పట్టి చూసింది, సరుకు సరిగ్గా వచ్చిందో లేదో చూసినట్టు.

"ఇప్పు," అంది.

నేను మేకు ముందు నిలబడ్డాను. లాడ్జి రిజిస్టరులో ఎవరి పేరూ రాయలేకపోయినదాన్ని నేను. నేను లోపల ఉన్నానేమోనని పది మంది ఆడా మగా బస్తాలు జరిపి, లైట్లేసి వెతికారు. నేను వచ్చేదాకా ఒక మిల్లు ఆగింది. ఆ ముడి విప్పితే అది అయిపోతుంది. నాకు విప్పాలనిపించలేదు, నిజం చెబుతున్నాను.

ముడి మధ్యాహ్నం వేసింది, గట్టిగా బిగుసుకుపోయింది. గోళ్ళతో మెల్లగా లాగుతూ విప్పాను. చాలాసేపు పట్టింది. నేను తొందరపడలేదు. నా వెనక నిలబడ్డవాళ్ళు కూడా ఎవరూ తొందరపెట్టలేదు.

చివరగా విప్పినవాళ్ళే మోటారు వేయాలి. ఖుర్షీద్ బీ పక్కకు జరిగి నాకు చోటిచ్చింది.